బోధనాభ్యసనంలో అంతర్జాలం: దిగువ కృష్ణా డెల్టా చారిత్రక అనుభవం

వ్యాస సంగ్రహం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టాలో తరగతి గదికి బయటి జ్ఞానాన్ని చేర్చే సాధనాలు రెండు శతాబ్దాల కాలంలో అనేకం వచ్చాయి. తాటాకు, అచ్చు పుస్తకం, పత్రిక, పడవ గ్రంథాలయం, ఆకాశవాణి, ఉపగ్రహ ప్రసారం, అంతర్జాలం ఆ వరుసలోనివి. ప్రతి సాధనం విషయంలోనూ అది ఎంతమందికి చేరిందన్న ప్రశ్నకు ప్రాధాన్యం దక్కింది. స్థానిక ఉపాధ్యాయుడు, విద్యార్థి అందులో ఏమి రాయగలిగారన్న ప్రశ్న వెనుకబడింది. ఈ రెండో ప్రశ్న ఆధారంగా ఈ ప్రాంతపు బోధనాభ్యసన చరిత్రను పరిశీలించి, చదవడానికి, రాయడానికి కూడా పుట్టిన అంతర్జాలం ఇక్కడి తరగతులకు ప్రధానంగా చూసే సాధనంగానే అందిందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: అంతర్జాలం, బోధనాభ్యసనం, దివిసీమ, ఆంధ్ర జాతీయ కళాశాల, పడవ గ్రంథాలయం, తెలుగు వికీసోర్సు, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

తరగతి గదిలో అంతర్జాల వినియోగాన్ని గురించిన చర్చ సాధారణంగా పరికరాల సంఖ్యతో మొదలవుతుంది. ఎన్ని బడులకు కంప్యూటర్లు అందాయి, ఎన్ని గ్రామాలకు తీగ చేరింది, ఎందరి చేతిలో ఫోను ఉంది అన్నవి అవసరమైన ప్రశ్నలే. అవి అందుబాటును కొలుస్తాయి. అందిన సాధనంతో తరగతి ఏ సంబంధం ఏర్పరచుకుందో తెలుసుకోవడానికి మాత్రం అవి చాలవు.

ఈ తేడాను అంతర్జాలం పుట్టుకలోనే గమనించవచ్చు. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధన సంస్థలో వెబ్‌ను ప్రతిపాదించాడు. 1990లో ఆయన రూపొందించిన మొదటి బ్రౌజరు పుటలను చూపడంతోపాటు వాటిని రాయడానికి, దిద్దడానికి కూడా వీలు కల్పించింది. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను అందరికీ ఉచితంగా విడుదల చేసింది. అదే ఏడాది వచ్చి విస్తృత ప్రచారం పొందిన మొజాయిక్ బ్రౌజరు ప్రధానంగా చూసే సాధనం. ఆ విధంగా రాసే సౌకర్యం వెనక్కి తగ్గి, చూసే సౌకర్యం ముందుకు వచ్చింది. భారతదేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు అంతర్జాల సేవలు ప్రారంభించేనాటికి ఈ మార్పు జరిగిపోయింది.

ఈ వ్యాస పరిధి 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన తరువాతి కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాలు. చారిత్రక సంబంధం ఉన్నచోట విజయవాడ, కృష్ణకు అవతలి ఒడ్డు గ్రామాల ప్రస్తావన వస్తుంది.

2. వీధిబడి నుండి నోబుల్ పాఠశాల వరకు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్య స్థితిని తెలుపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. అప్పటి మచిలీపట్నం జిల్లా నుండి వెళ్ళిన నివేదికలో 484 బడులు, 49 ఉన్నత విద్యాస్థానాలు నమోదయ్యాయి. ఈ సంఖ్యలు దేశీయ విద్య విస్తృతికి సాక్ష్యంగా పరిశోధకులు తరచుగా ఉదహరించేవి. ప్రస్తుత చర్చకు వాటికంటే ముఖ్యమైనది వీధిబడి పద్ధతి. ఇసుకలో అక్షరాలు దిద్దిన పిల్లవాడు క్రమంగా తాటాకుపై గంటంతో రాయడం నేర్చేవాడు. అచ్చు పుస్తకం లేని ఆ బడిలో అతడు ఎక్కించుకున్న ప్రతే అతని పుస్తకం. అందువల్ల చదవడం, రాయడం ఒకే పనిలో రెండు భాగాలుగా ఉండేవి. ఆ బడి అందరిదీ కాదు. కులం, లింగం దాని గడపను నిర్ణయించాయి. చదువంతా కంఠస్థంపై ఆధారపడటం మరొక పరిమితి. ఈ లోపాలను గుర్తిస్తూనే, సాధనం విద్యార్థి చేతిలోనే తయారయ్యేదన్న అంశాన్ని విడిగా గుర్తించవలసి ఉంటుంది.

చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో బందరు చేరిన రాబర్ట్ నోబుల్ 1843లో ఆంగ్ల పాఠశాలను స్థాపించాడు. అగ్రవర్ణాల బాలురను ఉద్దేశించి మొదలైన ఆ పాఠశాల తరువాతి కాలంలో నోబుల్ కళాశాలగా ఎదిగింది. దానితో అచ్చు పుస్తకం, నిర్ణీత పాఠ్యక్రమం, పరీక్ష అనే మూడూ కలిసి ఈ ప్రాంతపు తరగతిలో స్థిరపడ్డాయి. పుస్తకం ఎక్కడో తయారై ఇక్కడికి రావడం, విద్యార్థి దానిని చదివి పరీక్షలో అప్పగించడం అనే క్రమం అప్పటినుండి బలపడింది. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట డెల్టాకు సాగునీటితోపాటు పడవ మార్గాలను కూడా ఇచ్చింది. ధాన్యం, ఉత్తరం, పుస్తకం అదే కాలువలో ప్రయాణించాయి.

3. జాతీయ కళాశాల: తయారుచేసే తరగతి

బయటినుండి వచ్చిన పాఠాన్ని స్వీకరించడమే విద్య అన్న భావనను బందరు 20వ శతాబ్దారంభంలోనే ప్రశ్నించింది. 1902లో ఇక్కడ కృష్ణాపత్రిక పుట్టింది. 1907 నుండి ముట్నూరి కృష్ణారావు దానికి సంపాదకత్వం వహించాడు. వందేమాతర ఉద్యమ ప్రేరణతో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య పూనికతో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది. సాహిత్య, శాస్త్ర విషయాలతోపాటు చేతిపనులకు, చిత్రకళకు అక్కడ స్థానం లభించింది. పింగళి వెంకయ్య, ప్రమోదకుమార చటోపాధ్యాయ, అడివి బాపిరాజు వంటివారు వేర్వేరు కాలాల్లో అక్కడ పనిచేశారు.

బోధనా సాధనాల చరిత్రలో ఈ కళాశాల ప్రత్యేకత దాని పరిసరాల్లో ఉంది. కళాశాలను నడిపినవారిలో ఒకరు పత్రికా సంపాదకుడు, మరొకరు వైద్యుడు, రచయిత. ఉపాధ్యాయుడే చిత్రకారుడు. తరగతి, పనిశాల, పత్రిక ఒకే ఊరిలో, ఒకరికొకరు తెలిసిన మనుషుల మధ్య నడిచాయి. నిధుల కొరత, ప్రభుత్వ గుర్తింపు లేని పట్టాలు, ఉద్యోగావకాశాల లేమి ఈ ప్రయత్నాన్ని పరిమితం చేశాయి. అయినా ఇక్కడి తరగతి బయటి జ్ఞానాన్ని స్వీకరించడంతోపాటు తన పనిని బయటికి పంపగలదని ఈ కళాశాల నిరూపించింది. అంతర్జాలాన్ని అంచనా వేయడానికి ఈ ప్రాంతం తనలోనే కలిగి ఉన్న కొలమానం ఇది.

4. పడవ, ఆకాశవాణి, ఉపగ్రహం

1914లో విజయవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. ఆ ఉద్యమం డెల్టా భౌగోళిక స్వభావానికి తగిన రూపాన్ని 1935లో కనుగొన్నది. పాతూరి నాగభూషణం కృష్ణకు పశ్చిమాన, పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పడవ గ్రంథాలయాన్ని నడిపాడు. గ్రంథాలయానికి వెళ్ళలేని పాఠకుని వద్దకు గ్రంథాలయమే వెళ్ళింది. సాంకేతికంగా అతి సాధారణమైన ఈ ఏర్పాటు రెండు కారణాలవల్ల నేటి చర్చకు అవసరం. మొదటిది, అప్పటికే ఉన్న మార్గాన్ని అది వాడుకుంది. రెండవది, పుస్తకం తీసుకున్నవాడు తిరిగి ఇవ్వవలసి ఉండటంవల్ల పడవకు, పాఠకునికి మధ్య రాకపోకలు నిలిచాయి. పాఠకుడు ఏది అడిగాడో, ఏది వద్దన్నాడో నిర్వాహకునికి ప్రత్యక్షంగా తెలిసేది.

1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం డెల్టా గ్రామాలకు తెలుగు మాటను చేర్చింది. రేడియో పాఠం తన సమయానికి తాను వచ్చేది. తరగతి ఆ సమయానికి సిద్ధంగా ఉండాలి. అర్థం కానిచోట ఆపి అడగడానికి వీలులేదు. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయ నిధుల సంఘం దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి కార్యక్రమాన్ని ఆరంభించింది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివే విద్యార్థికి అందులోని ఆంగ్లం మరొక దూరం. 2002లో రాష్ట్ర ప్రభుత్వం మన టీవీ ద్వారా, 2004 సెప్టెంబరు 20న ప్రయోగించిన ఎడ్యుశాట్ ద్వారా దేశం, ఉపగ్రహాన్ని విద్యకు వినియోగించాయి. వీటిలో ప్రశ్నలు అడిగే ఏర్పాటు కొంతమేర ఉన్నా, పాఠం ఒకచోట తయారై అనేకచోట్లకు ప్రసారమయ్యే స్వభావం మారలేదు.

ఈ కాలంలోనే స్థానిక విద్యాసంస్థలు విస్తరించాయి. 1950లో గుడివాడలో ఏర్పడి, తరువాత దాత అక్కినేని నాగేశ్వరరావు పేరు పొందిన కళాశాల చుట్టుపక్కల గ్రామాల యువతకు ఉన్నత విద్యను చేరువ చేసింది. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉపాధ్యాయ నియామక పరీక్షల శిక్షణకు అవనిగడ్డ తెలుగు రాష్ట్రాల్లో పేరు పొందింది. కాబోయే ఉపాధ్యాయులు ఇతర జిల్లాల నుండి వచ్చి నెలల తరబడి చదువుకునే ఊరు దివిసీమలో ఉండటం ఈ చర్చలో గమనించదగిన విషయం.

5. తెరపైకి తెలుగు

1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు విద్యాశాఖ మంత్రి దివిసీమ ప్రతినిధి మండలి వెంకట కృష్ణారావు. బోధన, పాలన తెలుగులో సాగాలన్న ఆకాంక్ష అప్పుడు బలంగా వ్యక్తమైంది. ఆ భాష కంప్యూటరు తెరపై స్థిరపడటానికి ఇంకా పాతికేళ్లకు పైగా పట్టింది. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపి ఉన్నా, సామాన్య వినియోగదారుని కంప్యూటరులో అది సరిగా కనిపించడం 2000 తరువాతి మాట.

ఈలోగా అచ్చుపని అంతా అను వంటి యూనికోడేతర ఫాంట్లలో సాగింది. కళాశాల సంచికలు, సదస్సుల పత్రాలు, అధ్యాపకుల పాఠ్య సామగ్రి వాటిలోనే తయారయ్యాయి. ఆ దస్త్రాలను అంతర్జాలంలో ఉంచినా అన్వేషణ యంత్రం చదవలేదు. కాగితంపై తెలుగుగా కనిపించే వాక్యం యంత్రానికి అర్థంలేని గుర్తుల వరుస. అధ్యాపకులు రాయలేదన్న అభిప్రాయం ఈ కారణంగా సరికాదు. వారు రాసినది విద్యార్థి వెతికే చోట కనబడలేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఈ స్థితిలో మార్పుకు ఒక కారణమైంది. 2010వ దశకంలో విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు వికీపీడియా, వికీసోర్సులలో పనిచేయడం పూర్వపు కృష్ణా జిల్లా తరగతి అంతర్జాలంలో రచయితగా ప్రవేశించిన అరుదైన సందర్భం.

ప్రభుత్వ స్థాయిలో 2017 కీలకమైన సంవత్సరం. జూలై 9న స్వయం, సెప్టెంబరు 5న దీక్ష వేదికలు ప్రారంభమయ్యాయి. డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేశాడు. ఫైబరు తీగను ప్రధానంగా విద్యుత్ స్తంభాలపై లాగడంవల్ల ఖర్చు, కాలం తగ్గాయి. తుపానులో స్తంభం కూలితే కరెంటుతోపాటు పాఠం కూడా ఆగే పరిస్థితి తీరప్రాంతానికి దానితోనే వచ్చింది. నాగాయలంక దగ్గరి ఎదురుమొండి వంటి దీవుల విద్యార్థికి పడవ, పంటు ప్రయాణం ఎలాగూ ఉంది. సంధానం కూడా అదే విధంగా వాతావరణంపై ఆధారపడింది.

6. 2020: వెనుకటి సాధనాల పునరాగమనం

2020 మార్చిలో కొవిడ్ కారణంగా విద్యాసంస్థలు మూతపడ్డాయి. అంతర్జాల తరగతి అప్పటివరకు అదనపు సౌకర్యం. ఒక్కసారిగా అది ఏకైక మార్గంగా ముందుకు వచ్చింది. జాతీయ నమూనా సర్వే 75వ ఆవృత్తి (2017–18) ప్రకారం దేశంలో అంతర్జాల సౌకర్యం ఉన్న గ్రామీణ కుటుంబాలు 14.9 శాతం, పట్టణ కుటుంబాలు 42 శాతం. ఈ నేపథ్యంలో రాష్ట్ర ప్రభుత్వం దూరదర్శన్ సప్తగిరి ద్వారా విద్యామృతం, ఆకాశవాణి ద్వారా విద్యాకలశం పాఠాలను ప్రసారం చేసింది. తరువాత విద్యావారధి కార్యక్రమం వచ్చింది. నవంబరు 2న 9, 10 తరగతులకు బడులు తెరుచుకున్నాయి.

అంతర్జాల యుగంలో అత్యవసర పరిస్థితి ఏర్పడినప్పుడు రేడియో, టీవీలను ఆశ్రయించవలసి రావడం చారిత్రకంగా ముఖ్యమైన విషయం. కొత్త సాధనం వచ్చినంత మాత్రాన పాత సాధనం అనవసరం కాదని అది తెలిపింది. మరొక మార్పు కళాశాలల్లో జరిగింది. అధ్యాపకులు స్వయంగా పాఠాలను రికార్డు చేసి వాట్సాప్ బృందాల్లో, యూట్యూబులో ఉంచారు. తమ గొంతును తామే నమోదు చేయవలసిన అవసరం అనేకులకు తొలిసారి ఎదురైంది. దిగువ డెల్టా తరగతిలో బోధకుడు మళ్ళీ సాధన నిర్మాత అయిన కాలమది. తరగతులు తెరుచుకున్నాక ఆ పాఠాలలో ఏవి భద్రపరచదగినవో నిర్ణయించే వ్యవస్థ లేకపోవడంతో ఆ సామగ్రిలో అధికభాగం ఫోన్లలోనే మిగిలిపోయింది.

7. అంతర్జాలం లేని డిజిటల్ పాఠం

2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ట్యాబుల పంపిణీని ప్రారంభించింది. బైజూస్ పాఠాలను ముందుగానే వాటిలో నింపి ఇచ్చారు. సంధానం లేనిచోట కూడా పాఠం నడవాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం. మారుమూల గ్రామానికి ఇది వాస్తవికమైన పరిష్కారమే. పడవ గ్రంథాలయంతో దీనికి పోలిక ఉంది. మార్గం కష్టమైనచోటికి సామగ్రిని మూటకట్టి పంపడం రెండింటిలోనూ జరిగింది.

తేడా కూడా స్పష్టం. పడవ తిరిగి వచ్చేది, పాఠకుని కోరికను మోసుకువెళ్ళేది. ముందుగా నింపిన పాఠానికి ఆ తిరుగు ప్రయాణం లేదు. నాగాయలంక ఉపాధ్యాయుడు ఆ పాఠంలోని ఉదాహరణను ఉప్పునీటి చెరువుల ఊరికి తగినట్లు మార్చలేడు. పెడన విద్యార్థి తన ఇంటి కలంకారి అచ్చుదిమ్మెను జ్యామితి పాఠానికి చేర్చలేడు. తెరపై ఉన్నది డిజిటల్ పాఠం. బోధనాభ్యసనం దృష్టితో చూస్తే అది అచ్చు పుస్తకానికి దగ్గర, వెబ్‌కు దూరం.

8. రాసే తరగతి: అవకాశాలు, పరిమితులు

విద్యార్థి రచయితగా ప్రవేశించే తరగతికి ఈ ప్రాంతంలో సామగ్రి కొరత లేదు. భారతీయ చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లకు రచన స్వేచ్ఛా వినియోగంలోకి వస్తుంది. 1945లో మరణించిన ముట్నూరి కృష్ణారావు జీవితకాలంలో ప్రచురితమైన ఆయన రచనలు 2006 నుండి అందరివీ. వికీసోర్సులో పాత పుస్తకపు పుట చిత్రం ఒకవైపు, దాని పాఠం మరొకవైపు కనిపిస్తాయి. ఒకరు దిద్దిన పుటను మరొకరు సరిచూసి ఆమోదిస్తారు. బి.ఏ. తెలుగు విద్యార్థికి ఇది పాఠపరిష్కరణలో ప్రాథమిక శిక్షణ. అరసున్న, శకటరేఫం, పాత వర్ణక్రమం, అచ్చుతప్పు అన్నవి వేరువేరు సమస్యలని అతడు చేతిపనిగా నేర్చుకుంటాడు. తాటాకుపై ప్రతి ఎక్కించిన వీధిబడి విద్యార్థి పనికి ఇది ఆధునిక రూపం.

గ్రామ చరిత్ర రెండవ క్షేత్రం. తెలుగు వికీపీడియాలో గ్రామాల వ్యాసాలు విస్తారంగా ఉన్నాయి. వాటిలో అనేకం జనగణన వివరాలతో ఆగిపోయాయి. ఘంటసాల, గుడివాడ బౌద్ధ స్థలాలు, కాలువల నిర్మాణం, కూచిపూడి నృత్య సంప్రదాయం వంటి అంశాలకు ప్రచురిత ఆధారాలు ఉన్నాయి. వాటిని వెతికి, పోల్చి, మూలాన్ని పేర్కొంటూ రాయడం చరిత్ర విద్యార్థికి ఉపన్యాసం ఇవ్వలేని అనుభవాన్నిస్తుంది.

మూడవ క్షేత్రం జ్ఞాపకం. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. ఆ విపత్తును గురించి నేడు లభించే కథనాల్లో ప్రధానమైనవి అధికారులు, మిషనరీలు ఆంగ్లంలో రాసినవి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి సాక్షులు ఇంకా ఉన్నారు. అప్పుడు పదేళ్ల వయసున్న బాలుడు నేడు అరవైకి చేరువలో ఉన్నాడు. అప్పటి గృహిణి ఎనభై దాటింది. నీరు ఏ దిక్కునుండి వచ్చింది, ఏ చెట్టు పట్టుకుని ఎందరు నిలిచారు, శవదహనాలు ఎక్కడ జరిగాయి, ఏ కుటుంబం ఊరు విడిచింది అన్న వివరాలు వారి మాటల్లో ఉన్నాయి. బతికున్నవారి భాషలో వాటిని నమోదు చేయగల సాధనం ప్రతి విద్యార్థి చేతిలో ఉన్నది. 1864కు లేని అవకాశం 1977కు ఉంది. దానికి కాలపరిమితి కూడా ఉంది.

ఈ పనికి నియమాలు అవసరం. వికీపీడియా మౌలిక పరిశోధనను అంగీకరించదు. కనుక మౌఖిక సాక్ష్యాన్ని నేరుగా వ్యాసంలో చేర్చడం కుదరదు. వాటిని కళాశాల గ్రంథాలయం వివరణతో, తేదీతో, చెప్పినవారి సమ్మతితో భద్రపరచాలి. ఆప్తులను కోల్పోయినవారిని ప్రశ్నించడంలో సంయమనం పాటించాలి. పేరు వద్దన్నవారి పేరు వెల్లడించరాదు. విద్యార్థికి ఈ మర్యాదలు నేర్పడం కూడా బోధనలో భాగమే.

అభ్యంతరాలు బలహీనమైనవి కావు. పాఠ్యప్రణాళిక పూర్తిచేయడానికే సమయం చాలదని అధ్యాపకులు చెబుతారు. పరీక్షలో మార్కులు లేని పనికి విద్యార్థి సమయం కేటాయించడు. అంతర్జాలంలో దొరికిన పేరాను యథాతథంగా అతికించే అలవాటు ఉంది. స్వయం కోర్సుల నుండి క్రెడిట్ల బదిలీకి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016లో 20 శాతం, 2021లో 40 శాతం వరకు అనుమతించింది. అంతర్జాలంలో పాఠం విన్నందుకు క్రెడిట్ ఇవ్వగల వ్యవస్థ, పరిష్కరించిన వంద పుటలకు, నమోదు చేసిన ఐదు సాక్ష్యాలకు క్రెడిట్ ఇవ్వడానికి మార్గం ఆలోచించడం అసాధ్యం కాదు. ప్రాజెక్టు పనికి ఇప్పటికే ఉన్న మార్కులు అందుకు ఆరంభం కాగలవు. రాసినదంతా యూనికోడ్‌లో ఉండాలన్న ఒక్క నియమం కూడా ఖర్చులేని సంస్కరణ.

9. ముగింపు

వీధిబడి తాటాకు విద్యార్థి చేతిలో తయారైంది, కొద్దిమందికే అందింది. అచ్చు పుస్తకం, రేడియో, ఉపగ్రహం, ట్యాబు క్రమంగా ఎక్కువమందికి అందాయి, వారి చేతిలో మాత్రం తయారు కాలేదు. ఈ రెండు గుణాలను కలపడానికి జాతీయ కళాశాల పరిమిత వనరులతో ప్రయత్నించింది. నిర్మాణరీత్యా ఈ రెండింటినీ కలపగల సాధనం అంతర్జాలం. దిగువ కృష్ణా డెల్టాలో ఆ సాధనం ఇప్పటివరకు ప్రధానంగా ఒకే దిశలో, బయటినుండి తరగతిలోకి ప్రవహించింది.

ఈ నిర్ధారణ నుండి కొన్ని పరిశోధనాంశాలు ఏర్పడతాయి. 2020–21లో ఈ ప్రాంత అధ్యాపకులు రికార్డు చేసిన పాఠాల సేకరణ, వర్గీకరణ. యూనికోడేతర ఫాంట్లలో మిగిలిన కళాశాల సంచికల మార్పిడి. 1977 ఉప్పెన సాక్ష్యాల క్రమబద్ధమైన నమోదు వాటిలో ముఖ్యమైనవి. మొదటి రెండింటిని కొంతకాలం వాయిదా వేసినా తిరిగి చేపట్టవచ్చు. మూడవది అటువంటిది కాదు. దివిసీమ తరగతులు ఈ దశాబ్దంలో ఆ పని చేపట్టకపోతే, 1864 ఉప్పెన వలెనే 1977 ఉప్పెన కూడా ఇతరులు రాసిన నివేదికల ద్వారా మాత్రమే తెలిసే సంఘటనగా మిగిలిపోతుంది.